తాళ్ళతో కట్టి గాల్లో వేలాడదీసే సస్పెన్షన్ గురించి తెలిసినవాళ్ళు ఉన్నారా?

నేలమీదే_హాయి:

నేనూ నా పార్ట్‌నరూ కొంతకాలంగా ఇంట్లో తాళ్ళతో కట్టడం, కట్టించుకోవడం చేస్తున్నాం. ఇద్దరం ముప్పై దాటినవాళ్ళం, ఇద్దరికీ ఇష్టమయ్యే చేస్తున్నాం, కాబట్టి "ఛీ ఇదేం పని" లాంటి జవాబులు దయచేసి వద్దు. ఇప్పటిదాకా అంతా నేల మీద, పరుపు మీదే. నాకు బాగా నచ్చింది కూడా, రోజంతా తలలో తిరిగే గోల ఆ కాసేపు ఆగిపోతుంది.

ఈమధ్య తను జపనీస్ షిబారి (అందంగా తాళ్ళతో కట్టే పద్ధతి) వీడియోలు తెగ చూస్తున్నాడు, ఇక సస్పెన్షన్ చేద్దాం అంటున్నాడు. అంటే కాళ్ళు నేలకి ఆనకుండా మనిషి బరువంతా తాళ్ళ మీదే ఉండేలా వేలాడదీయడం. నాకు భయంగా ఉంది అంటే "ఇది వందల ఏళ్ళ నాటి ఆచారం, జపాన్ గుళ్ళలో పుట్టింది, ఒకరకం ధ్యానం, అంత పాతది ప్రమాదం అయితే ఇన్నాళ్ళు నిలిచేదా" అంటాడు. ఈ గుళ్ళ కథ నిజమేనా? నిజంగా గాల్లో వేలాడితే ఏముంటుంది, నేల మీద లేనిది? భయం సంగతేమిటి, నేను అనవసరంగా టెన్షన్ పడుతున్నానా?

వద్దని తేల్చెయ్యడానికి అడగడం లేదు. తెలుసుకుని సరే అనాలో వద్దనాలో నేనే చెప్పాలనుకుంటున్నా.

పాత_పుటలు:

గుళ్ళ కథ సంగతి నేను చెప్తా, మిగతాది చేసేవాళ్ళు చెప్తారు.

జపాన్‌లో తాడుకి పవిత్రత ఉన్న మాట నిజమే. వాళ్ళ సొంత మతమైన షింటో గుళ్ళ దగ్గర, పెద్ద పెద్ద చెట్ల చుట్టూ వరిగడ్డితో పేనిన లావు తాడు కడతారు, షిమెనావా అంటారు, ఇక్కడి నుంచి దైవం ఉండే చోటు అని దాని అర్థం. జోమోన్ అనే వేల ఏళ్ళ నాటి కాలపు మట్టి కుండల మీద తాడు అద్దిన ముద్రలు కూడా ఉంటాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి "చూశారా, షిబారి ఎంత ప్రాచీనమో" అని రాసేవాళ్ళు బోలెడు మంది. కానీ చెట్టుకు కట్టిన తాడు దగ్గర్నుంచి మనిషిని వేలాడదీసే తాడు దాకా ఎవరూ దారి చూపించలేదు. వినడానికి బాగుంటుంది కాబట్టి చెప్పుకుంటారు, అంతే.

అసలు దారి జైళ్ళ వైపు నుంచి వచ్చింది. జపాన్ చరిత్రలో "ఎదో" అనే పేరున్న యుగంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, నేరస్థుల్ని పట్టుకుని కట్టే విద్య ఒకటి బాగా పెరిగింది, దాన్ని హోజోజుట్సు అంటారు. దొరికినవాడి హోదాని బట్టి, చేసిన నేరాన్ని బట్టి కట్టు మారేది, చూడగానే వీడెవడో తెలిసేలా. నేరం ఒప్పించడానికి నాలుగు రకాల హింస ఉండేది. కొరడాతో కొట్టడం, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తొడల మీద రాతిపలకలు పేర్చడం, రొయ్యలా ముందుకు వంచి కట్టేయడం, అన్నిటికంటే కఠినమైంది చేతులు వెనక్కి కట్టి వేలాడదీయడం. ఆ చివరిదాని పేరు ట్సురిజెమె. మీ పార్ట్‌నర్ ధ్యానం అంటున్నదానికి దగ్గర చుట్టం ఇదే అండి. 1879లో, ఆ యుగం తర్వాత వచ్చిన మీజీ ప్రభుత్వం చిత్రహింసని చట్టంలోంచి తీసేసింది.

జైల్లో ఆగింది గానీ బొమ్మల్లో, నాటకాల్లో ఆగలేదు. కబుకి నాటకాల్లో కట్టేసి హింసించే సీన్లు అప్పటికే ఉన్నాయి. యోషితోషి అనే చెక్క అచ్చుల చిత్రకారుడు 1885లో ఒక బొమ్మ వేశాడు, నిండు గర్భిణిని తలకిందులుగా వేలాడదీసి కింద ఒక ముసలిది కత్తి నూరుతూ ఉంటుంది, జానపద కథలోని రాక్షసి అది. ఇతో సెయు అనే ఇంకో చిత్రకారుడికి (1882–1961) ఈ బొమ్మ తలకెక్కింది. ఇలా నిజంగా వేలాడదీయొచ్చా అని 1921లో గర్భంతో ఉన్న సొంత భార్యనే తలకిందులుగా కట్టి ఫొటోలు తీశాడు. ఈరోజు అతన్నే ఈ కళకి పితామహుడు అంటున్నారు, నాకైతే ఆ ఫొటో గురించి చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కితాన్ క్లబ్ లాంటి పత్రికల్లోకి, 1960ల నుంచి స్టేజి షోల్లోకి, ఇంటర్నెట్ వచ్చాక ప్రపంచమంతా పాకింది. సరదాకి, ఇష్టంతో చేసే ఇప్పటి రూపం వయసు నూరేళ్ళు కూడా గట్టిగా ఉండదు.

ఇక వేలాడటం ఆచారంగా నిజంగా ఉన్నది వేరే చోట్ల, అదీ తాళ్ళతో కట్టడం కాదు, చర్మానికి గుచ్చి. అమెరికాలో మాండాన్ తెగవాళ్ళు ఓకీపా అనే క్రతువు చేసేవాళ్ళు. యువకులు రోజుల తరబడి తిండి, నీళ్ళు, నిద్ర మానేసి, ఛాతీలోనో భుజాల్లోనో పుల్లలు గుచ్చుకుని వాటికి కట్టిన తోలు తాళ్ళతో వేలాడేవాళ్ళు, స్పృహ పోయేదాకా. జార్జ్ కాట్లిన్ అనే చిత్రకారుడు 1832లో కళ్ళారా చూసి బొమ్మలు వేశాడు, 1867లో పుస్తకం కూడా వేశాడు. బెంగాల్‌లో చడక్ పూజకి వీపులో కొక్కేలు గుచ్చుకుని పెద్ద స్తంభం చుట్టూ గాల్లో తిరిగేవాళ్ళు, 1865లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది, అయినా అక్కడక్కడా మిగిలింది. ఇరవయ్యో శతాబ్దంలో ఫకీర్ ముసాఫర్ అనే అమెరికన్ (1930–2018) ఈ కొక్కేల పద్ధతిని మళ్ళీ జనంలోకి తెచ్చాడు, స్టెలార్క్ అనే కళాకారుడు 1976 నుంచి 1988 దాకా తన ఒంటికే కొక్కేలు తగిలించుకుని వేలాడి ప్రదర్శనలు ఇచ్చాడు.

వీటిలో నాకు ముఖ్యంగా కనిపించేది ఏంటంటే, ఓకీపా కానీ చడక్ కానీ, చుట్టూ ఊరు ఊరంతా ఉండేది, మొక్కు ఉండేది, ఉపవాసం ఉండేది, ఏం చెయ్యాలో తెలిసిన పెద్దలు పక్కనే ఉండేవాళ్ళు. బెడ్‌రూంలో వీడియో చూసి చేసేదానికి ఆ పేరు అరువు తెచ్చుకోవచ్చు, ఆ పెద్దల్ని అరువు తెచ్చుకోలేరు కదా. "పాతది కాబట్టి సేఫ్" అన్న వాదనైతే అస్సలు పనికిరాదు. ట్సురిజెమె కూడా పాతదే, మనిషి ఓర్చుకోలేడనే పెట్టింది.

గాలి_తరగ:

నేను కట్టించుకునే వైపు నుంచి చెప్తా, ఎందుకంటే ఈ థ్రెడ్ చదివి అందరూ భయపడి పారిపోయేలా ఉన్నారు 🙂

ముందు ఒక నిజం. నొప్పిగా ఉంటుంది. ఫొటోల్లో కళ్ళు మూసుకుని తేలిపోతున్నట్టు కనిపిస్తారు కదా, ఆ సమయానికి తొడ చుట్టూ ఉన్న తాడు పిండేస్తూ ఉంటుంది, ఛాతీ కట్టు మీద బరువు పడితే ఊపిరి నిండా తీసుకోవడం కష్టం, చిన్న చిన్నగా తీసుకోవాల్సి వస్తుంది. బోర్లా వేలాడితే ఇంకా ఎక్కువ. నేల మీద కడితే తాడు పట్టుకుని ఉంటుంది అంతే, గాల్లో అయితే మీ సొంత బరువే మిమ్మల్ని తాడులోకి నొక్కుతుంది. నేల మీద సుఖంగా ఉన్న కట్టు గాల్లోకి లేవగానే శత్రువు అయిపోతుంది, ఇది చాలామందికి మొదటిసారి షాక్.

మరి ఎందుకు చేస్తాం అంటే... చెప్పడం కష్టం. కాలు నేలని వదిలే ఆ క్షణంలో ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంటుంది, పడిపోతానేమో అని, అప్పుడు తాడు పట్టుకుంటుంది, ఒళ్ళు నెమ్మదిగా నమ్ముతుంది. ఆ తర్వాత నేను చెయ్యాల్సింది ఏమీ ఉండదు. నిలబడక్కర్లేదు, కూర్చోనక్కర్లేదు, ఏ కండరాన్నీ పట్టి ఉంచక్కర్లేదు, పట్టుకునే పని వేరేవాళ్ళది. ఆడ్రినలిన్, ఎండార్ఫిన్లు కలిసి ఒక మత్తులాంటిది వస్తుంది, రోప్ స్పేస్ అంటారు మావాళ్ళు. నాకది సెక్స్ కంటే బాగా ఏడ్చి తేలికపడటానికి దగ్గర. కొందరికి పూర్తిగా సెక్సువలే, కొందరికి సర్కస్ చేసినట్టు కసరత్తు సరదా, ఎవరిది వాళ్ళది.

కానీ ఆ మత్తులోనే ఒక తిరకాసు ఉంది. ఆ స్థితిలో నొప్పి సరిగ్గా తెలియదు, మాట సరిగ్గా రాదు, దింపెయ్ అని చెప్పాలని కూడా అనిపించదు. కాబట్టి "ఇబ్బంది అయితే చెప్తావు కదా" అన్నది ఏర్పాటే కాదు. ముందే మాట్లాడుకోవాలి, ఏం చేస్తాం, ఏం చెయ్యం, ఎంతసేపు, ఏ మాట వింటే అక్కడితో ఆపేయాలి, నోరు పెగలకపోతే చేత్తో ఏం సైగ. కట్టేవాడే మధ్యమధ్యలో అడగాలి, అడిగినప్పుడు మీరు సరిగ్గా జవాబు ఇవ్వకపోతే అదే జవాబు అనుకుని దింపాలి. దిగాక దుప్పటి, నీళ్ళు, పక్కన కూర్చోవడం. మరుసటి రోజు దిగులుగా అనిపించినా కంగారు పడకండి, చాలామందికి అవుతుంది.

మీ పార్ట్‌నర్‌కి చెప్పండి, ముందు తనని ఎవరైనా తెలిసినవాళ్ళు కట్టి ఒక కాలు పైకెత్తి ఉంచితే ఎలా ఉంటుందో చూసుకోమని. కట్టేవాళ్ళందరూ ఒకసారైనా కట్టించుకుని తీరాలని నా పట్టుదల.

సూటిమాట:

అమ్మా, చదువుతుంటేనే గుండె దడగా ఉంది. ఇది ఉరికి ఒక మెట్టు కింద. మానసిక డాక్టర్‌ని కలవాల్సిన విషయం, తాళ్ళవాళ్ళని కాదు.

పాత_పుటలు:

సూటిమాట గారూ, ఇష్టపడ్డ పెద్దవాళ్ళిద్దరూ కలిసి చేసుకునే ఇలాంటివాటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బుల జాబితా ఐసీడీ 11లో జబ్బు కింద లెక్కపెట్టడం లేదు, అది 2022 నుంచి అమల్లో ఉంది. ఉరి అన్న మాట దగ్గర మాత్రం మీకు సగం మార్కులు, ఎందుకంటే మెడ చుట్టూ తాడు వేసినవాళ్ళు నిజంగానే చచ్చిపోయారు. 2011లో రోమ్‌లో ఇద్దరు అమ్మాయిల్ని ఒకే తాడుకి, ఒకరి బరువు ఇంకొకరికి సరిపడేలా కట్టారు, తాడు మెడల చుట్టూ కూడా ఉంది, ఒకరు స్పృహ తప్పి వాలిపోయేసరికి ఉరి బిగిసి ఒక అమ్మాయి చనిపోయింది. మెడ జోలికి వెళ్ళకూడదు, సరదాకి కూడా.

నరం_సంగతి:

నేను ఫిజియోథెరపిస్టుని. ఈ ప్రపంచం నాకు కొత్త కాదు, ఎలా అని అడక్కండి.

అందరూ భయపడేది పడిపోవడానికి. పడటం ప్రమాదమే, కానీ సస్పెన్షన్‌లో ఎక్కువగా చూసే దెబ్బ వేరు, నరం నలిగిపోవడం. ముఖ్యంగా చేతులు వెనక్కి మడిచి భుజాల కింద, ఛాతీ చుట్టూ తాళ్ళు తిప్పే ఆ ఫేమస్ కట్టు ఉంది చూశారా, దాదాపు ప్రతి ఫొటోలో ఉంటుంది, టకటెకొటె అంటారు, ప్రమాదాల్లో దానిదే పెద్ద వాటా. మోచేతికి పైన, దండ చెయ్యి ఎముకకి ఆనుకుని రేడియల్ నరం చుట్టి వస్తుంది. అక్కడ దానికి కండ మెత్త తక్కువ. తాడు సరిగ్గా అక్కడ పడి, పైన మనిషి బరువు పడితే, కొన్ని నిమిషాల్లో నరం మొద్దుబారొచ్చు. మణికట్టు వాలిపోతుంది. చెయ్యి ముందుకు చాపితే అరచెయ్యి కిందికి వేలాడుతూ ఉంటుంది, పైకి ఎత్తలేరు. కుర్చీ మీద చెయ్యి వేలాడేసి తాగి పడుకున్నవాళ్ళకి వచ్చేదీ ఇదే.

ఇప్పుడు అసలు విషయం వినండి, ఎందుకంటే చాలా వీడియోల్లో తప్పు చెప్తారు. "నా వేలు గట్టిగా పట్టుకో, పిడికిలి బిగించు" అని టెస్ట్ చేస్తారు. పిడికిలి బిగించే పని ఎక్కువగా వేరే నరాలది. రేడియల్ పోయినా పిడికిలి బిగుస్తుంది, ఓకే అనుకుంటారు, ఇంకో పది నిమిషాలు వేలాడదీస్తారు. చూడాల్సింది మణికట్టుని వెనక్కి ఎత్తగలరా, వేళ్ళు చాపగలరా, బొటనవేలు పైకి లేపగలరా అని. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య, చేతి వెనక వైపు స్పర్శ తెలుస్తోందా అని. చిటికెన వేలు తిమ్మిరి ఎక్కితే అది అల్నార్ అనే ఇంకో నరం. ఇవన్నీ కట్టకముందు కూడా ఒకసారి చూసుకోవాలి, అప్పుడే తేడా తెలుస్తుంది.

చెయ్యి నీలంగా, చల్లగా అయితే అందరూ కంగారుపడతారు. అది రక్తం నిలవడం, విప్పితే చాలావరకు సర్దుకుంటుంది. నరం నలిగితే రంగు మారకపోవచ్చు, ఒక్కోసారి నొప్పి కూడా ఉండదు, అదే దాని పాపం. షాక్ కొట్టినట్టు జివ్వుమనడం, సూదులు గుచ్చినట్టు ఉండటం, ఉన్నట్టుండి బలం తగ్గడం, వీటిలో ఏది వచ్చినా అదే నిమిషంలో ఆ తాడు మీద బరువు తియ్యాలి. "కాస్త జరుపుతా" కాదు, దింపడమే. దింపాక బలం వెంటనే రాకపోతే ఆరోజు ఇక తాడు లేదు, ఎముకల డాక్టరో నరాల డాక్టరో చూడాలి, అక్కడ జరిగింది జరిగినట్టు చెప్పాలి, సిగ్గుపడి చెయ్యి మీద పడుకున్నా అని చెప్పొద్దు. నరం పైపూత మాత్రమే దెబ్బతింటే వారాల్లో, కొన్ని నెలల్లో బాగవుతుంది. లోపలి పోగులు తెగితే నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, దండ చెయ్యి నుంచి వేళ్ళ దాకా ఎంత దూరమో లెక్క వేసుకోండి.

కాళ్ళలో కూడా ఉన్నాయి. తుంటి ముందు భాగంలో తాడు ఒత్తితే తొడ బయటి వైపు మొద్దుబారి మంట, ఇది చాలామందికి వస్తుంది. మోకాలి కింద బయటి వైపు ఒత్తితే పాదం వాలిపోతుంది.

నిలువుగా వేలాడదీసి కదలకుండా ఉంచితే ఇంకో సమస్య. రక్తం కాళ్ళలోకి దిగి నిలిచిపోతుంది, తల తిరగడం, చెమటలు, వికారం, ఆ తర్వాత స్పృహ పోతుంది, నిటారుగా వేలాడుతూ స్పృహ పోవడం ప్రాణం మీదికి వచ్చే సంగతి. వెంటనే దింపి వెల్లకిలా పడుకోబెట్టాలి. పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టాలి అని ఒక పాత సలహా ఇప్పటికీ తిరుగుతోంది, బ్రిటన్‌లోని భద్రతా సంస్థ 2009లో దాన్ని పరిశీలించి ఆధారం లేదని తేల్చింది. తలకిందులు అయితే కంటి ఒత్తిడి, రక్తపోటు పెరుగుతాయి, పైగా పడితే ముందు తగిలేది తల, మెడ. గ్లాకోమా (కంటి ఒత్తిడి జబ్బు), బీపీ, షుగర్ వల్ల నరాల సమస్య, రక్తం పలచబడే మందులు, భుజం జారిన చరిత్ర, గర్భం, ఇవి ఉన్నవాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు. ఇతో సెయు భార్య ఎలా బతికి బయటపడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేలమీదే_హాయి:

అందరికీ చాలా థాంక్స్. పిడికిలి టెస్టే మేమూ చేస్తున్నాం, నేల మీద అయినా సరే ఇవాళ్టి నుంచి మార్చేస్తాం. ఇంకో ప్రశ్న. తను బెడ్‌రూం సీలింగ్ ఫ్యాన్ హుక్కు చూపించి, స్లాబులో వేసిన ఇనుపది, ఏనుగుని కట్టినా ఊడదు అంటున్నాడు. తాళ్ళు కూడా నైలాన్‌వి కొన్నాడు.

కొండలెక్కేవాడు:

ఫ్యాన్ హుక్కు వద్దు. వద్దంటే వద్దు.

కొండలెక్కడం నా పని కాబట్టి బరువుల లెక్క చెప్తా. ఆ హుక్కు కొద్ది కిలోల ఫ్యాన్ కోసం పెట్టింది, ఇనుము ఎంత లావో, కాంక్రీటులోకి ఎంత లోతుగా వెళ్ళిందో, లోపల తుప్పు పట్టిందో బయటికి కనిపించదు. పైగా మనిషి కదలకుండా వేలాడే బరువు ఒకటి, ఊగితే, కుదిపితే, కొద్దిగా జారి తాడు మీద టక్కున ఆగితే పడే బరువు ఇంకొకటి. రెండోది ఒంటి బరువుకి ఎన్నో రెట్లు అవుతుంది. అందుకే మేము వాడే కారాబైనర్ల (తాడు తగిలించే లోహపు కొక్కేల) మీద 20 కిలోన్యూటన్ల పైన రాసి ఉంటుంది, అంటే సుమారు రెండు టన్నులు. హార్డ్‌వేర్ షాపులో దొరికే, చూడ్డానికి అలాగే ఉండే తాళంచెవుల కొక్కేలు వాడొద్దు. పైన కట్టే పాయింటు ఇంజనీరు చూసి ఓకే అన్న దూలానికి అయి ఉండాలి, లేదా దీనికోసమే చేసిన స్టాండు.

నైలాన్ సాగుతుంది, జారుతుంది, తాడు మీద తాడు రాసుకుంటే వేడికి కరుగుతుంది కూడా. దీనికి ఎక్కువమంది వాడేది 6 మిల్లీమీటర్ల జనపనార తాడు, ఏడెనిమిది మీటర్ల ముక్కలు. అది కూడా అరిగిపోతుంది, ప్రతిసారీ చేత్తో తడిమి పోగులు తెగాయా చూసుకోవాలి, బరువు మోసే పై తాళ్ళని కొన్నాళ్ళకి పక్కన పెట్టాలి.

పక్కన మొద్దు మొనల కత్తెర ఉండాలి, ప్రమాదాల్లో బట్టలు కోయడానికి నర్సులు వాడేది. కానీ గాల్లో ఉన్నప్పుడు పై తాడు కోస్తే మనిషి ధబీమని కింద పడతారు. కింద మెత్తటి పరుపు, నేలకి అడుగో రెండడుగులో మాత్రమే ఎత్తు, ఒక చేత్తో మనిషిని ఎత్తి పట్టుకుని ఇంకో చేత్తో దింపే ముడి. పక్కన మూడో మనిషి ఉంటే ఇంకా మంచిది. కట్టి పక్క గదికి వెళ్ళడం, మందు తాగి కట్టడం, ఈ రెండూ చేసేవాడితో నేల మీద కూడా కట్టించుకోవద్దు.

తాడు_నాదే:

నేనే ఆ "తను". థ్రెడ్ మొత్తం చదివించింది. ఫ్యాన్ హుక్కు విషయంలో ఓడిపోయా, ఒప్పుకుంటున్నా, ఏనుగు మాట కూడా వెనక్కి తీసుకుంటున్నా. గుళ్ళ కథ ఒక వీడియోలో విన్నాను, నిజం అనుకున్నా. ఒకటి అడగాలి. పూర్తి సస్పెన్షన్ పక్కన పెడితే, ఒక కాలు మాత్రం పైకి కట్టి ఇంకో కాలు, వీపు నేల మీదే ఉంటే ఈ నరాల గొడవ ఉండదా?

నరం_సంగతి:

తగ్గుతుంది, పోదు. బరువులో ఎక్కువ భాగం నేల మోస్తుంది కాబట్టి ఏదైనా తేడా వస్తే దింపడం తేలిక, మొదలుపెట్టడానికి అదే సరైన చోటు. చీలమండ దగ్గర కడితే తాడు పట్టీని వెడల్పుగా, చదునుగా పరచండి, ఒక్క తాడు మీద బరువు పడనివ్వద్దు, పాదం వేళ్ళు పైకి లేపగలుగుతోందా అడుగుతూ ఉండండి. చేతులు వెనక్కి కట్టే ఆ కట్టు మాత్రం దీనితో కలపకండి. నేర్పేవాళ్ళు దొరికితే ఎదురుగా కూర్చుని నేర్చుకోండి, వీడియోలో తాడు ఎక్కడ ఉందో కనిపిస్తుంది గానీ ఎంత బిగుతో కనిపించదు.

గాలి_తరగ:

@తాడు_నాదే, ముందు నీ కాలు కట్టించుకో అన్నది మర్చిపోకు 😄 ఆమెకి ఏ వైపు భుజానికి పాత దెబ్బ ఉందో, ఏ వైపు పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుందో అడిగావా ఇప్పటిదాకా?

తాడు_నాదే:

లేదు. ఇప్పుడు అడిగా. ఎడమ భుజమట.